మూడో స్వరం

ఆ ఏడు కార్నివాల్ తొందరగా వచ్చిపడింది. క్రిస్మస్‌కి వండిన హ్యామ్ ఎముకతో మేమింకా చారు కాచుకుంటూనే ఉన్నాం, బ్యాండు కెప్టెన్ హోలిస్ వచ్చి మా రేకుల గేటు పట్టుకుని ఊపేశాడు.

"మార్వా అక్కా, మీ ఆయన లేచాడా? టెనర్లు కొత్తవి కావాలి. ఈసారి గెలవకపోతే ఈ కొండమీద తలెత్తుకు తిరగలేను."

ప్రతి ఏడూ ఇదే మాట. ప్రతి ఏడూ ఓడిపోయేవాడు. మర్నాడే తలెత్తుకుని మా వాకిట్లోకొచ్చి, కొబ్బరి రొట్టె అడిగి మరీ తినేవాడు.

మా ఆయన ఎస్మండ్ స్టీల్ పాన్లు శ్రుతి చేస్తాడు. చేసేవాడు అనాలి ఇప్పుడు. టెనర్లంటే వాటిలో సన్న గొంతువి. ఖాళీ చమురు పీపా తెచ్చి, దాని అడుగు గిన్నెలా లోపలికి కుంగేదాకా పెద్ద సుత్తితో మోది, అందులో స్వరాల గళ్లు గీసి, టైర్ల మంటమీద కాల్చి, ఆఖర్న చిన్న సుత్తితో ఒక్కో గడినీ పలికించాలి. మొదటి పనులన్నీ ఒళ్లు వంచితే వచ్చేవే. ఆఖరిది మాత్రం మా ఆయన ఎవరికీ నేర్పలేదు. షెడ్డు మధ్యలో రేకుల అడ్డు కట్టించుకుని, దాని వెనక్కి పోయి లోపల గడియ పెట్టుకుని, తలుపుకి వీపు పెట్టి కూర్చుని శ్రుతి చేసుకునేవాడు.

ఆ అడ్డుకి ఇవతల రాండెల్ ఉండేవాడు.

వాణ్ణి వాళ్ల అమ్మమ్మ ఒట్టిలీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మా అరుగు మీద కూర్చుని, "ఎస్మండ్, వీడికి చదువు ఎక్కలేదు. చేతిలో ఒక విద్య పెట్టు, నీకు పుణ్యం ఉంటుంది," అంది. మాటంటే మాటే, కాగితం లేదు, సాక్షి లేడు, నేను తప్ప. మధ్యాహ్నం తిండి మా ఇంట్లో, శనివారం చేతిలో ఎంతో కొంత, నాలుగేళ్లలో పని మొత్తం వచ్చేస్తుంది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఒట్టిలీ కన్నుమూసింది. నాలుగేళ్లూ దాటిపోయాయి. రాండెల్ గడ్డం మొలిచి, భుజాలు విరిసి, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలతో ఇంకా పీపాలు మోదుతూనే ఉన్నాడు.

మాకు పిల్లలు లేరు. ఇది చెప్పకుండా మిగతాది చెప్పలేను. రాండెల్ నన్ను టాంటీ అనేవాడు, పిన్నీ అన్నట్టు. వాడు ఎడమచేతివాడు. బల్ల దగ్గర నా పక్కనే కూర్చుని తింటుంటే వాడి మోచెయ్యి నా మోచేతిని పొడిచేది, నేను తిట్టేదాన్ని, మర్నాడు మళ్లీ అక్కడే కూర్చోమనేదాన్ని.

హోలిస్ వచ్చి వెళ్లిన మధ్యాహ్నం పెలావ్ వడ్డిస్తుంటే రాండెల్ నోరు విప్పాడు. చాలాసేపు ప్లేటులో బఠాణీ గింజల్ని అటూ ఇటూ తోశాక విప్పాడు.

"బాస్, కొండ అవతల కొత్త పాన్ ఫ్యాక్టరీ పెట్టారు కదా."

"పెట్టనీ."

"నేర్చుకునేవాళ్లని తీసుకుంటున్నారట. జీతం, బూట్లు, సాయంత్రాలు పాఠాలు. పూర్తయ్యాక సర్టిఫికెట్. దాంతో ఎక్కడికైనా పోవచ్చట."

"అయితే పో. పీపాలు మోదడానికి వాళ్లకీ మనుషులు కావాలి."

"అక్కరలేదు బాస్. మోదడానికి వాళ్లు మెషిన్ పెట్టుకున్నారు. శ్రుతి చేసేవాళ్లనే తీసుకుంటారు. మన చేత్తో చేసిన పాన్ ఒకటి చూపించాలి. చేశాడని మాస్టర్ నోటితో చెప్పాలి. కార్నివాల్ తర్వాతి లెంట్ ఉపవాసాల మొదటి వారంతో సరి, తర్వాత చేర్చుకోరు." వాడు ప్లేటు పక్కకి జరిపాడు. "ఒక్క టెనర్ నన్ను చెయ్యనివ్వండి. చెడిపోతే పీపా ఖరీదు నా శనివారాల్లో పట్టుకోండి."

ఎస్మండ్ చెంచా కింద పెట్టాడు. "నేను నేర్చుకున్నప్పుడు మా ముసలాడు నాకు ఏం చూపించాడో తెలుసా? ఏమీ లేదు. రేకుకి మేకు బెజ్జం ఉంటే దాంట్లోంచి చూసేవాణ్ణి. ఒకరోజు కనిపెట్టి ఆ బెజ్జానికి తారు పూసేశాడు. అప్పుడు చెవితో నేర్చుకున్నాను. చెవి ఉన్నవాడికి బెజ్జం ఎందుకు?"

"చెవి ఉంది బాస్. సుత్తి లేదు."

నాకు నవ్వొచ్చింది. మా ఆయనకి రాలేదు. "కార్నివాల్ అయ్యాక చూద్దాం," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. రాండెల్ నా వంక చూశాడు. కార్నివాల్ తర్వాత అంటే ఆ ఫ్యాక్టరీ గేటు మూసే ముందు రెండు మూడు రోజులు మిగులుతాయంతే.

మా ఆయన చెడ్డవాడు కాడు. భయస్తుడు. పక్క వీధిలో క్లైడ్ అని ఒకడుండేవాడు, ఆయన ఈడువాడే. శిష్యుడికి గుట్టు విప్పి అంతా నేర్పాడు. మరుసటి ఏడాదే ఆ శిష్యుడు క్లైడ్ చూసే బ్యాండులన్నిటినీ ఎగరేసుకుపోయాడు. క్లైడ్ క్రికెట్ మైదానం బయట సిరప్ పోసిన ఐసు అమ్ముకుంటూ పోయాడు చివరికి. ఎస్మండ్ ఆ ఐసు కొనడానికి కూడా అటు వెళ్లేవాడు కాదు, చూడలేక.

ఆ భయం వెనకాల ఇంకో భయం ఉంది. అది నాకు ముందే తెలిసింది, కెటిల్ వల్ల. పొయ్యి మీద ఈల వేస్తూ నీళ్లన్నీ ఆవిరైపోతుంటే ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. "చెవుల్లో గులిమి పేరుకుంది," అన్నాడు. కొబ్బరినూనె వెచ్చచేసి పోశాను. గులిమి రాలేదు. లావు గొంతులు వినపడేవి, సన్నవి ఆగిపోయాయి. పొద్దున్నే కంచె మీద వాలి కూసే కిస్కడీ పిట్టల్ని మూడేళ్ల నుంచీ తిట్టడం మానేశాడు. అంతకుముందు రోజూ తిట్టేవాడు.

ఒకరోజు మెట్లమీద కూర్చున్నప్పుడు, ఇంకా కాస్త వినపడే కుడిచెవి వైపు చేరి, గొంతు లావు చేసి అడిగేశాను.

"వాడికి నేర్పితే నీకు పోయేదేంటి?"

"నా బ్యాండు పోతుంది."

"నీ చెవులు పోయాక బ్యాండు ఉంటుందా?"

"నా చెవులకేం కాలేదు. నువ్వు గొణుగుతావు, అదీ సంగతి. పెళ్లైన దగ్గర్నుంచీ గొణుగుడే." లేచి షెడ్డులోకి పోయాడు. గొణగడం అంటే ఏమిటో ఆ సాయంత్రం పొరుగువాళ్లందరికీ వినపడేలా చూపించాను.

ఆశ్చర్యమేమిటంటే ఆ జనవరిలో చేసిన టెనర్లు బాగానే వచ్చాయి. ఎలా చేస్తున్నాడో నాకు అంతుపట్టలేదు. రేకుల వెనక టిక్కు టిక్కుమని సుత్తి, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ టిక్కు. ఆ నిశ్శబ్దాలు మునుపటికంటే పెరిగాయి. ఆ నిశ్శబ్దంలో ఇవతల రాండెల్ కూడా సుత్తి ఎత్తి పట్టుకుని ఆగిపోయేవాడు, తల ఒక పక్కకి వంచి. నేను వాకిలి ఊడుస్తూ చూసేదాన్ని. ఒకసారి అడిగాను, "ఏం వింటున్నావురా?" అని.

"ఒక స్వరంలో మూడుంటాయి టాంటీ. కిందది ఒకటి, దానిమీద అదే స్వరం సన్నగా ఇంకోటి. వాటిమీద మూడోది, దోమ రెక్కంత. ఆ మూడోది కుదిరితేనే పాన్ పాడుతుంది. లేకపోతే డబ్బా." ఆగి మెల్లగా అన్నాడు, "బాస్ మూడోది ఈమధ్య ఆలస్యంగా పట్టుకుంటున్నారు."

వాడికీ తెలుసని అప్పుడు నాకు తెలిసింది.

పాన్ బ్యాండుల పోటీ సెమీఫైనల్ ఆదివారం. పొద్దున్నే ఎండ మొహం పగలగొడుతోంది. బ్యాండు యార్డులో పాన్లన్నీ చక్రాల స్టాండ్లకి వేలాడదీసి ఉన్నాయి, మధ్యాహ్నానికి సవానా మైదానానికి తీసుకుపోవాలి. వాటిని లాక్కెళ్లే లారీ టెనర్ల వరస పక్కనే వెనక్కి తీసి ఆపారు. డ్రైవర్ ఇంజను ఆపలేదు, ఆపితే మళ్లీ రాజుకోదట. నేను చేప వేపుడూ రొట్టెలూ బుట్టలో పెట్టుకుని వాయించే పిల్లలకి పంచుతున్నాను.

చివరి సవరింపు అంటే యార్డులో అందరూ నోరు మూసుకోవాలి. ఎస్మండ్ ఒక్కో పాన్ దగ్గరికి వచ్చి, రబ్బరు చుట్టిన పుల్లతో ఒక్కో స్వరం తట్టి, అటు ఇటు పోయిన చోట చిన్న సుత్తితో సర్దుతాడు. ఆ అరగంట ఆయన బిషప్ లాంటివాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వస్తాడు దానికోసం.

ఆయన టెనర్ల వరస చివరికి వచ్చేసరికి, మొదటి పాన్ దగ్గరున్న పిల్ల తన పుల్లతో మెల్లగా ఒక స్వరం తట్టి చూసుకుంది. మొహం మాడిపోయింది. పక్కవాడు తనది తట్టాడు. వాడూ తలెత్తి చూశాడు. నాకు సంగీతం రాదు, కానీ ముప్పై ఏళ్లుగా ఈ చప్పుళ్ల మధ్యే వండుకుంటున్నదాన్ని. డబ్బా మోగింది. బాగున్న పాన్లని మా ఆయన చేజేతులా చెడగొట్టుకుంటూ పోయాడు. ఎంతో నెమ్మదిగా, శ్రద్ధగా, ఇస్త్రీ చొక్కాలో.

ఆ పిల్ల నోరు తెరవబోయింది. రాండెల్ ఎక్కణ్ణుంచి వచ్చాడో, ఆమె పాన్ మీద అరచెయ్యి పెట్టి మోత ఆపేశాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత మా ఆయన కుడివైపుకి వెళ్లాడు.

"బాస్, అటు చివర లావు స్వరాల బాస్ పాన్లు ఒకసారి చూడమంటున్నారు హోలిస్."

"టెనర్లు సరిపోయాయా?"

"సరిపోయాయి బాస్."

ఎస్మండ్ అటు నడిచాడు. రాండెల్ లారీ దగ్గరికి పరుగెత్తి, డ్రైవర్‌తో ఏదో అన్నాడు, డ్రైవర్ బూతు తిట్టి ఇంజను ఆపాడు. తర్వాత వాడు మోకాళ్ల మీద కూర్చుని మొదటి టెనర్ కిందికి దూరాడు. వెనక జేబులోంచి సుత్తి తీశాడు. పీపాలు మోదేది కాదు, చిన్నది. ఎప్పుడు సంపాదించాడో, ఎక్కడ దాచుకున్నాడో.

ఒకరి స్వరం మీద ఇంకొకరు సుత్తి పెట్టడం మాలో ఎంత తప్పో బయటివాళ్లకి చెప్పినా అర్థం కాదు. మాస్టర్ బతికుండగా, యార్డులో ఉండగా, ఆయన సర్దిన స్వరాన్ని శిష్యుడు ముట్టుకోవడం అంటే ఆయన మొహం మీద ఉమ్మినంత పని. యార్డులో అందరూ చూశారు. ఎవ్వరూ కిక్కురుమనలేదు. హోలిస్ మా ఆయనకి అడ్డంగా నిలబడి, బాస్ పాన్ల గురించి ఏదో పనికిమాలిన ప్రశ్న లావు గొంతుతో అడుగుతున్నాడు. నేను నా లావు శరీరాన్ని బుట్టతో సహా ఇంకో పక్క నిలబెట్టాను. రాండెల్ వరస పొడవునా పాక్కుంటూ పోయాడు. తట్టాడు, విన్నాడు, ఎడమచేత్తో ఒకటీ రెండూ దెబ్బలేశాడు, మళ్లీ విన్నాడు. తల వంచడం కూడా అచ్చం మా ఆయన వంచినట్టే. ఐదేళ్లు రేకుకి ఇవతల నిలబడి నేర్చుకున్న పని మొట్టమొదటిసారి చేస్తున్నాడు, దొంగలాగ, మట్టిలో మోకాళ్లమీద. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనో, ఇంకెందుకో.

ఆ సాయంత్రం సవానాలో మా టెనర్లు పాడాయి. ఫైనల్‌కి వెళ్లాం. జనం ఎస్మండ్‌ని భుజాలమీద ఎత్తుకున్నారు. "ఈ చెవులకి బీమా చేయించాలి!" అని హోలిస్ అరిచాడు, అరిచి నా వైపు చూసి నాలిక్కరుచుకున్నాడు. రాండెల్ కనపడలేదు. స్టాండ్లు తోసేవాళ్లలో కలిసిపోయాడు.

మర్నాడు పాన్లు యార్డుకి తిరిగొచ్చాక ఎస్మండ్ ఒక్కడే వెళ్లాడు. నేను క్యారియర్ పట్టుకుని వెళ్లేసరికి, ఒక టెనర్‌ని బోర్లా ఒళ్లో పెట్టుకుని దాని అడుగున వేళ్లతో తడుముతున్నాడు. గుడ్డివాడు మొహం తడిమినట్టు. ఆయన దెబ్బలు ఒక వాలుగా ఉంటాయి. ఎడమచేతి దెబ్బలు ఇంకో వాలుగా పడతాయి. అది పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. అదీ తడిమాడు. మూడోది తీసుకోలేదు.

"అన్నం తిందువు రా," అన్నాను.

"ఆకలి లేదు," అన్నాడు.

రాండెల్‌తో ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. రేకుల తలుపుకి ఇప్పటిదాకా లోపలి గడియే ఉండేది. ఆ వారం నుంచి తను లేనప్పుడు బయట కూడా తాళం వేశాడు. బల్ల దగ్గర ఇద్దరూ నా ద్వారా మాట్లాడుకునేవారు. "మిరపకాయ పచ్చడి అటివ్వమను," "ఇచ్చానని చెప్పండి టాంటీ." నా ఇంట్లో నేను దుబాసీనయ్యాను. ఫైనల్ రోజు యార్డులో ఒక్క బండి ఇంజను కూడా మోగకుండా హోలిస్, నేనూ కాపలా కాశాం. రాండెల్ చెబితేనే కాశాం. ఎందుకో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. పాన్లు శుభ్రంగా మోగాయి. గెలవలేదు, అది వేరే సంగతి.

కార్నివాల్ అయిపోయింది. బూడిద బుధవారం నుదుట బూడిద రాయించుకుని వచ్చాం. శుక్రవారం నేను చేప ముక్కలు నిమ్మరసంలో నానవేస్తుండగా ఫ్యాక్టరీ మనిషి వచ్చాడు. హరినానన్ అని, మర్యాదస్తుడు, వాకిట్లోనే టోపీ తీశాడు. రాండెల్ తనంతట తానే వెళ్లి పేరిచ్చాడట. పాన్ లేదు, కానీ మా మాస్టర్‌ని అడగండి అన్నాడట. అంత దూరం అడగడానికే వచ్చాడాయన. అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు!

నలుగురం అరుగు మీద ఉన్నాం. ఎస్మండ్ కుర్చీలో, హరినానన్ బెంచీ మీద, నేను గుమ్మంలో, రాండెల్ స్తంభం దగ్గర నిలబడి.

"కుర్రాడు పనిమంతుడేనా?" అన్నాడు హరినానన్.

"ఇంతకంటే బాగా పీపా మోదేవాడు ఈ దీవిలో లేడు," అన్నాడు మా ఆయన.

"మోదడం మా మెషిన్ చేస్తుంది. శ్రుతి సంగతి చెప్పండి. ఎప్పుడైనా చేశాడా? ఒక్క పాన్ అయినా?"

ఎస్మండ్ నా వైపు చూశాడు, వినపడనప్పుడు చూసినట్టు. కానీ వినపడింది. నాకు తెలుసు. హరినానన్‌ది లావు గొంతు. నేను కుర్చీకి కుడివైపు వంగి, "సెమీఫైనల్ ఆదివారం సంగతి చెప్పు," అన్నాను. "చెప్పు ఎస్మండ్. నీ నోటితోనే చెప్పు."

ఆయన చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. వాటిని చూసుకున్నాడు. చేశాడని చెబితే ఎప్పుడు చేశాడంటారు, ఎందుకు చేయాల్సొచ్చిందంటారు. సాయంత్రానికల్లా కొండంతా తెలుస్తుంది, క్లైడ్ బండి పక్కన ఇంకో ఐసుబండి.

"నా పాన్ల మీద నా సుత్తి తప్ప ఇంకోటి పడలేదు," అన్నాడు.

హరినానన్ రాండెల్ వైపు తిరిగాడు. "అంతేనా బాబూ?"

నేను వాడి వైపు తల ఊపాను, చెప్పెయ్యి, చెప్పెయ్యి అని. యార్డులో ఇంతమంది చూశారు. హోలిస్‌ని పిలిస్తే చాలు. వాడు నా వంక చూడలేదు. మా ఆయన వంక చూశాడు. ఆ ఇస్త్రీ చొక్కానే వేసుకుని ఉన్నాడు ఎస్మండ్, వచ్చే మనిషి కోసం.

"అంతేనండి," అన్నాడు రాండెల్. "బాస్ ఎప్పుడూ అబద్ధం చెప్పరు."

హరినానన్ పాపం టోపీ తిప్పుకుంటూ, నేనిచ్చిన మాబీ బెరడు పానకం తాగి, రాండెల్ భుజం తట్టి వెళ్లిపోయాడు. ఎస్మండ్ లేచి ఎవరినీ చూడకుండా షెడ్డులోకి పోయాడు. నేను వంటింట్లోకి పోయి చేపల మీద కసి తీర్చుకున్నాను. వాళ్లిద్దర్నీ తిట్టుకున్నాను. చెప్పనివాడినీ, చెప్పనివ్వనివాడినీ.

షెడ్డులోంచి సుత్తి చప్పుడు మొదలైంది. కాసేపటికి రాండెల్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. భుజానికి సంచీ ఉంది.

"వెళ్తున్నాను టాంటీ. రొయ్యల పడవలో మనిషి కావాలన్నారు. గయానా వైపు పోతుంది. సాయంత్రం కదులుతుంది."

"పడవేమిటి? నీకు ఈతే రాదు!"

"పడవలో ఉన్నవాడికి ఈతెందుకు?" అని నవ్వబోయాడు. రాలేదు.

"భోంచేసి వెళ్లు. వేగిపోయాయి."

"ఆగితే వెళ్లలేను."

చేతులకి పిండి ఉండగానే వాణ్ణి పట్టుకున్నాను. వాడి చొక్కా వీపంతా తెల్లగా అయింది. "బాస్‌తో చెప్పావా?" అన్నాను.

"చెప్పాను. తలుపు దగ్గర నిలబడి చెప్పాను. ఆయన వెనక్కి తిరగలేదు." వాడు సంచీ భుజం మార్చుకున్నాడు. "ఒక్కసారి తిరిగితే చాలనుకున్నాను టాంటీ."

వెళ్లిపోయాడు. గేటు చప్పుడైంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఐదేళ్లు చాకిరీ చేయించుకుని, వాడి బతుకు వాడి నోటితోనే కాదనిపించి, పోతానంటే కనీసం మొహం చూపించవా అని అడుగుదామని, పిండి చేతులతోనే షెడ్డులోకి దూసుకుపోయాను.

రేకుల తలుపు బార్లా తెరిచి ఉంది. మా పెళ్లయ్యాక అది అలా తెరిచి ఉండగా నేను చూడలేదు. ఎస్మండ్ నాకు వీపు పెట్టి, ఒళ్లో కొత్త టెనర్ పెట్టుకుని కూర్చున్నాడు. తడుతున్నాడు. మాట్లాడుతున్నాడు.

"...నీ నీడ పడగానే వచ్చావని తెలిసింది. దగ్గరికి రా, అక్కణ్ణుంచి కనపడదు. మూడోది చెవితో వెతక్కు. నాకది వినపడక చాలా రోజులైందిరా. పక్కనున్న స్వరం మీద వేలు ఇలా ఆనించు, నొక్కకు. దీన్ని తట్టు. మూడోది కుదిరితే పక్కది వేలికింద జలదరిస్తుంది. కుదరకపోతే చచ్చినట్టు పడుంటుంది. అలాగే చేస్తున్నాను ఇన్నాళ్లూ." సుత్తి ఒక దెబ్బ వేసింది. "ఆ ఆదివారం లారీ ఇంజను ఆడుతోందని నాకు తెలీదు. అన్నీ జలదరించాయి. వేలు అబద్ధం చెప్పింది. నువ్వు సర్దావు. మర్నాడు వేళ్లతో తడిమి చూశాను. ఎడమచేత్తో, ఒక్క దెబ్బ ఎక్కువ పడకుండా. నాకు ఆ వయసులో అంత రాలేదు."

వాడు పోతానన్నది ఈయనకి వినపడనే లేదు, ఇంకా వెనకే ఉన్నాడనుకుంటున్నాడు. నేను వెనక్కి పరుగెత్తాను. గేటు బయటికి, రోడ్డు మలుపుదాకా, చెప్పుల్లేకుండా. ఒక మాక్సీ వ్యాన్ కొండ దిగుతూ కనపడింది, అందులో వాడున్నాడో లేదో తెలియదు. పేరు పెట్టి అరిచాను. కుక్కలు మొరిగాయి. వ్యాన్ మలుపు తిరిగిపోయింది. రేవుకి పోవాలంటే ఇంకో వ్యాన్ ఎప్పుడొస్తుందో, ఆ పడవ పేరేమిటో, ఏదీ అడగలేదు నేను.

తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. వీపు తిప్పలేదు. తిరిగితే చెప్పలేడు, అది నాకు తెలుసు.

"ఇప్పుడు ఇది నీ చేత్తో నువ్వు పూర్తి చెయ్యి. పొద్దున్నే ఇద్దరం కలిసి ఆ హరినానన్ దగ్గరికి పోదాం. అతనికి నేను చెప్పుకుంటాలే, నా సంగతి." పాన్ ఒళ్లో సర్దుకున్నాడు. "ముందు చూడు. కింది స్వరం ఇలా, అంచు నుంచి లోపలికి... వింటున్నావా?"

నేను రాండెల్ నిలబడే చోట నిలబడ్డాను. ఆయనకి వినపడేంత లావుగా, మగగొంతులా, "ఊఁ" అన్నాను.

"మంచిది," అని ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. చెప్పడం అయ్యేదాకా నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.